ఉత్సవకర్త ధర్మం: కళాసభను కూర్చేవాడికి దక్కే ఫలమేమిటి?

భారతీయ కళాచింతనలో కృతిని రచించే కవికి స్థానముంది, దాన్ని ప్రదర్శించే నటుడికీ గాయకుడికీ స్థానముంది, చూసి విని ఆనందించే సహృదయుడికి, అంటే కవి హృదయంతో సమానంగా స్పందించగల రసికుడికి, వీరితో సమానమైన గౌరవమే ఉంది. అయితే ఈ ముగ్గురినీ ఒకే కాలంలో ఒకే చోట చేర్చి, ఒకరి ఎదుట ఒకరిని నిలిపేవాడి స్థానం ఏదన్న ప్రశ్నకు మాత్రం అంత సులభంగా సమాధానం దొరకదు. అతడు పద్యం రాయడు, రాగం ఆలపించడు, ప్రేక్షకుల నడుమ నిశ్చింతగా కూర్చొని రసాస్వాదన చేసే తీరికా అతడికి ఉండదు. ఇటలీ సంగీతనాటక సంప్రదాయం నుంచి యూరప్ అంతటా వ్యాపించిన పేరుతో ఇతణ్ని ఇంప్రెసారియో అంటారు. ధనం సమకూర్చి, కళాకారులను కుదిర్చి, రంగశాలను అద్దెకు తీసుకొని, నష్టం వస్తే దాన్ని తన నెత్తిన వేసుకొనే ఉత్సవ నిర్వాహకుడన్నమాట. దేశదేశాల రచయితలనూ కళాకారులనూ ఒక వేదిక మీదికి తెచ్చే సాహిత్య కళోత్సవాలు ఊరూరా పెరుగుతున్న ఈ కాలంలో, ఆ బాధ్యతను ఇరవైలలోనో ముప్పైలలోనో ఉన్న యువకులు భుజాన వేసుకుంటున్న ఈ రోజుల్లో, ఆ పని కేవలం వ్యాపారమా లేక ధర్మమా, ధర్మమే అయితే దాని విధులేమిటి, దాని ఫలం ఎవరిది అన్న విచారణ అవసరమవుతుంది.

ఈ విచారణకు మొదటి ఆధారం భరతుడి నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలోనే ఉంది. బ్రహ్మ ఋగ్వేదం నుంచి పాఠ్యాన్ని, సామవేదం నుంచి గీతాన్ని, యజుర్వేదం నుంచి అభినయాన్ని, అథర్వవేదం నుంచి రసాన్ని గ్రహించి నాట్యమనే అయిదవ వేదాన్ని సృష్టించాడని, భరతుడు దాన్ని తన నూరుగురు కుమారులకు నేర్పాడని, మొదటి ప్రదర్శన ఇంద్రుడి ధ్వజోత్సవంలో జరిగిందని ఆ గ్రంథం చెబుతుంది. అంటే నాట్యానికి తొలి వేదిక ఒక ఉత్సవమే. ఆ ఉత్సవంలో దేవతల చేతిలో అసురులు ఓడిన కథను ప్రదర్శించడంతో విరూపాక్షుడు మొదలైన దైత్యులు కోపించి విఘ్నాలను ఉసిగొల్పారు. అవి నటుల వాక్కునూ కదలికనూ జ్ఞాపకశక్తినీ స్తంభింపజేశాయి. ఇంద్రుడు తన ధ్వజదండాన్ని తీసి విఘ్నాలను చితకగొట్టాడు. అప్పటినుంచి జర్జరమన్న పేరుతో ఆ దండం రంగపూజలో పూజ్యవస్తువైంది. అయినా బెదిరింపులు ఆగలేదు. అప్పుడు బ్రహ్మ ఆజ్ఞతో విశ్వకర్మ నాట్యగృహాన్ని నిర్మించాడు, దాని ఒక్కొక్క భాగానికీ ఒక్కొక్క దేవత రక్షకుడయ్యాడు.

కథ అక్కడితో ముగిసి ఉంటే, బలంతో కాపాడబడిన వేదికే ఉత్తమ వేదిక అన్న అర్థం వచ్చేది. కాని దేవతలే బ్రహ్మ దగ్గరికి వెళ్లి, విఘ్నకారులను ముందుగా సామోపాయంతో, అంటే మంచిమాటతో, శాంతింపజేయమని కోరారు. బ్రహ్మ దైత్యులను పిలిచి, వారి కోపానికి కారణమడిగి, వారు చెప్పింది విని, నాట్యం దేవతల పక్షాన నిలిచి అసురులను కించపరచడానికి పుట్టింది కాదని, ముల్లోకాల భావాలనూ తిరిగి పలికించడమే, అంటే భావానుకీర్తనమే, దాని స్వభావమని వివరించాడు. ఇందులో ఉత్సవకర్త విధులు స్పష్టంగా కనిపిస్తాయి. కళాకారుడి నోరూ కాలూ కట్టుబడకుండా చోటు కల్పించడం అతడి మొదటి విధి. ఆ చోటును చూసి కోపించినవాణ్ని కూడా శ్రోతగానే భావించి, అతడితో మాట్లాడడం రెండవ విధి. ఆ రెంటిలో ఏ ఒక్కటి లోపించినా మరొకటి నిలవదని కథాక్రమమే చెబుతోంది: ముందు దండం, తరువాత గృహం, చివరికి సంభాషణ.

అదే గ్రంథం రెండవ అధ్యాయం మరొక విషయాన్ని నేర్పుతుంది. నాట్యగృహాలను దీర్ఘచతురస్రంగా, చతురస్రంగా, త్రికోణంగా మూడు ఆకారాల్లో చెప్పి, జ్యేష్ఠానికి 108, మధ్యమానికి 64, కనిష్ఠానికి 32 హస్తాల కొలతలు నిర్దేశించిన భరతుడు, మనుషులకు 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల మధ్యమమే తగినదని తేల్చాడు. హస్తమంటే మోచేతి నుంచి వేలికొన దాకా ఉండే కొలత, సుమారు అడుగున్నర. గృహం అంతకన్నా పెద్దదైతే పలికే మాట అస్పష్టమవుతుందని, నటుడి ముఖంలోని భావం కనిపించకుండా పోతుందని ఆయన కారణం చెప్పాడు. ఉత్సవ ప్రమాణాన్ని నిర్ణయించేది నిర్వాహకుడి ఆశ కాదని, వినేవాడి చెవీ చూసేవాడి కన్నూ అని దీని భావం. వేలాది జనాన్ని రప్పించడమే విజయమనుకొనే నేటి ఉత్సవాలకు ఇంతకన్నా సూటియైన హెచ్చరిక మరొకటి ఉండదు.

నిర్వాహకుడి స్థానమేమిటన్న ప్రశ్నకు రెండవ ఆధారం యజ్ఞవిచారంలో దొరుకుతుంది. వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే పూర్వమీమాంసా శాస్త్రం, యజ్ఞంలో సంకల్పించి ద్రవ్యత్యాగం చేసే యజమానుణ్ని, అతడి తరఫున కర్మ నిర్వహించే ఋత్విక్కులను వేరువేరుగా చూస్తుంది. యజ్ఞఫలం యజమానుడికి చెందుతుంది. ఋత్విక్కులకు దక్షిణ చెందుతుంది. కళోత్సవాన్ని ఈ చట్రంలో పెట్టి చూస్తే, ధనమిచ్చే దాతనో ప్రభుత్వాన్నో సంస్థనో యజమానుడిగా, రచయితలనూ కళాకారులనూ ఋత్విక్కులుగా గుర్తించడం కష్టం కాదు. ఉత్సవకర్త మాత్రం సాధారణంగా తన ధనాన్ని ఇవ్వడు కాబట్టి యజమానుడు కాలేడు, మంత్రం చదవడు కాబట్టి హోతా ఉద్గాతా కాలేడు.

అయితే నలుగురు ప్రధాన ఋత్విక్కుల్లో ఒకడున్నాడు, నాట్యశాస్త్ర కథలోని దేవుడు కాకపోయినా అతడి పేరూ బ్రహ్మే. ఋగ్వేదమంత్రాలు చదివే హోత, యజుర్మంత్రాలతో కర్మ నడిపే అధ్వర్యుడు, సామగానం చేసే ఉద్గాత తమ తమ పనుల్లో నిమగ్నులై ఉండగా, బ్రహ్మ వేదిక దక్షిణ దిక్కున మౌనంగా కూర్చొని జరుగుతున్నదంతా మనస్సుతో అనుసరిస్తాడు, దోషం జరిగితే ప్రాయశ్చిత్తంతో సరిదిద్దుతాడు. యజ్ఞానికి వాక్కు, మనస్సు అని రెండు మార్గాలున్నాయని, వాక్కు మార్గాన్ని మిగిలిన ఋత్విక్కులు, మనస్సు మార్గాన్ని బ్రహ్మ సంస్కరిస్తారని ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయం చెబుతుంది. మౌనంగా ఉండవలసిన వేళ బ్రహ్మ నోరు విప్పితే యజ్ఞం ఒంటిచక్రపు రథంలా కుంటుపడుతుందని కూడా అక్కడే ఉంది. ఉత్సవకర్త ఆదర్శం ఇదే. అందరి పనినీ ఎరిగి ఉండడం, ఎవరి పనినీ తన పనిగా చాటుకోకపోవడం, ఎక్కడ తప్పు జరిగినా బాధ్యత తనదే కావడం బ్రహ్మత్వ లక్షణాలు. తెలుగువారి అవధాన సభలో దీనికి సజీవమైన సామ్యం ఉంది. పృచ్ఛకులు ప్రశ్నిస్తుంటే అవధాని పూరిస్తుంటాడు, సంచాలకుడు వారి నడుమ క్రమాన్నీ కాలాన్నీ కాపాడుతుంటాడు, సభ ముగిశాక జనం గుర్తుంచుకొనేది పద్యాలనే.

ఆదర్శం ఇంత స్పష్టంగా ఉన్నా ఆచరణలో అది ఎంత చిక్కైనదో తెలుసుకోవడానికి రష్యాకు చెందిన సెర్గేయ్ దియాగిలెవ్ జీవితం ఉత్తమ నిదర్శనం. 1872లో పుట్టి, పెర్మ్ పట్టణంలో పెరిగి, న్యాయశాస్త్రం చదవడానికి సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరిన ఆయన సంగీతకర్త కావాలని ఆశించి, ఆ ఆశ వదులుకున్నాడు. 1895లో, ఇరవై మూడేళ్ల వయసులో, సవతి తల్లికి రాసిన లేఖలో తన లోపాలనూ ఆకర్షణశక్తినీ దాపరికం లేకుండా అంచనా వేసుకొని, నిజమైన సృజనశక్తి తనకు లేదని, కళాపోషకుడి పాత్రే తనకు తగినదని, దానికి కావలసినవన్నీ ఉండి ధనం ఒక్కటే లేదని తేల్చుకున్నాడు. స్వధర్మాన్ని, అంటే తన స్వభావానికి తగిన కర్మను, ఒక యువకుడు ఇంత నిక్కచ్చిగా గుర్తించడం అరుదు. 1898లో మిత్రులతో కలిసి 'కళాప్రపంచం' అనే అర్థం వచ్చే పేరుతో పత్రిక స్థాపించి, మరుసటి ఏడాది అదే పేరుతో అంతర్జాతీయ చిత్రకళా ప్రదర్శన నిర్వహించాడు. 1905లో తావ్రిచెస్కీ ప్రాసాదంలో రష్యా చారిత్రక చిత్తరువుల ప్రదర్శన పెట్టడానికి దేశంలోని పాత జమీందారీ భవనాలు తిరిగి చిత్రాలు సేకరించాడు. అది విప్లవం రాజుకున్న సంవత్సరం. ఆ సందర్భంలో జరిగిన విందులో మాట్లాడుతూ, తామందరూ ఒక యుగాంతానికి సాక్షులమని, రాబోయే కొత్త సంస్కృతి తమనే తుడిచిపెట్టవచ్చని, అయినా దాన్ని ఆహ్వానించాలని చెప్పాడు. తాను కూర్చిన సభ తనను దాటిపోతుందని తెలిసి కూడా సభను కూర్చడం కర్మయోగానికి ఎంతో దగ్గరి మనఃస్థితి.

తరువాతి నాలుగేళ్లలో ఆయన రష్యన్ కళను క్రమంగా పారిస్‌కు చేర్చాడు: 1906లో చిత్రకళా ప్రదర్శన, 1907లో సంగీత కచేరీలు, 1908లో షల్యాపిన్ ప్రధాన పాత్ర పాడిన ముస్సోర్గ్‌స్కీ సంగీతనాటకం 'బోరిస్ గొదునోవ్', 1909 మే నెలలో షాత్లే రంగశాలలో బ్యాలే. పెద్దగా పేరు లేని స్ట్రావిన్‌స్కీ రచన విని, అతడి చేత 'ఫైర్‌బర్డ్' రాయించి 1910లో ప్రదర్శించినప్పుడు ఆ సంగీతకర్తకు ఇరవై ఎనిమిదేళ్లు. 1913 మే 29న షాంజెలీజే రంగశాలలో అతడి 'వసంతోత్సవం' తొలి ప్రదర్శన ప్రేక్షకుల కేకల మధ్య జరిగింది. 1917లో 'పరేడ్' కోసం కొక్తో కథను, సాటీ సంగీతాన్ని, పికాసో చిత్రకళను, మాసీన్ నృత్యాన్ని ఒక రంగం మీదికి తెచ్చాడు. ఈ కృతుల్లో ఒక్క స్వరం, ఒక్క రంగు, ఒక్క అడుగు ఆయన సృష్టించింది కాదు. ఆయన లేకపోతే ఇవి ఈ రూపంలో పుట్టేవీ కావు.

అప్పుడు ఇక్కడ కర్త ఎవరు? భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ఏ కర్మకైనా అయిదు కారణాలు చెబుతుంది: కర్మకు ఆశ్రయమైన అధిష్ఠానం, కర్త, రకరకాల సాధనాలైన కరణాలు, వేరువేరు చేష్టలు, అయిదవదిగా దైవం. గీత అక్కడ అధిష్ఠానమన్నది ముఖ్యంగా శరీరాన్ని ఉద్దేశించి అని వ్యాఖ్యాతలు చెప్పినా, ఈ విభజనను సామూహిక కర్మకు విస్తరించి చూడడంలో దోషం లేదు. 'వసంతోత్సవం' విషయంలో రంగశాలా నాట్యబృందమూ అధిష్ఠానం, స్ట్రావిన్‌స్కీ, నృత్యాన్ని కూర్చిన నిజిన్‌స్కీ, రంగాలంకరణ చేసిన రోరిఖ్ కర్తలు, వాద్యాలూ దేహాలూ కరణాలు, నెలల తరబడి సాగిన అభ్యాసం చేష్ట, ఆ రాత్రి ప్రేక్షకుల మనఃస్థితి ఎవరి అదుపులోనూ లేని దైవం. దియాగిలెవ్ ఈ అయిదింటిలో ఏ ఒక్కటీ కాదు. అయిదింటినీ ఒక క్షణంలో కలిపినవాడు. ఇలా అయిదు కారణాలుండగా తానొక్కడినే కర్తనని భావించేవాడి బుద్ధి సంస్కారం లేనిదని గీత తీర్పు చెప్పింది. కారణాలను కలిపేవాడు తానే కారణమని పొరబడడం ఉత్సవకర్తకు పొంచి ఉన్న అన్నింటికన్నా సూక్ష్మమైన పతనం.

దియాగిలెవ్ ఆ పతనాన్ని తప్పించుకోలేకపోయాడు. తాను ప్రేమించి, ప్రపంచానికి పరిచయం చేసిన నిజిన్‌స్కీ 1913లో దక్షిణ అమెరికా యాత్రలో వివాహం చేసుకోగానే ఆయన అతణ్ని బృందం నుంచి తొలగించాడు. మరొకరి ప్రతిభకు చోటు కల్పించడం, ఆ ప్రతిభను తన సొత్తుగా చూడడం పక్కపక్కనే ఉండే రెండు స్థితులు. మొదటిది పోషణ, రెండవది పరిగ్రహం, అంటే తనది కానిదాన్ని తనదిగా పట్టి ఉంచుకోవడం. యోగశాస్త్రం అపరిగ్రహాన్ని యమాల్లో, అంటే సాధకుడు మొదట పాటించవలసిన నిగ్రహాల్లో, ఒకటిగా చేర్చింది. వస్తుసంపద విషయంలో దాన్ని పాటించడం కన్నా, తాను గుర్తించి పైకి తెచ్చిన మనుషుల విషయంలో పాటించడం ఉత్సవకర్తకు ఎన్నో రెట్లు కష్టం.

అయినా ఫలవిచారంలో దియాగిలెవ్ జీవితం మరొక సత్యాన్ని చూపుతుంది. 1929 ఆగస్టు 19న ఆయన వెనిస్‌లో మరణించేనాటికి ఆయన చేతిలో సంపద లేదు. అంత్యక్రియల ఖర్చును స్నేహితురాళ్లు భరించారు. ఆయన బృందం ఆయనతోనే విచ్ఛిన్నమైంది. కాని ఆ బృందంలో పనిచేసిన బలాన్‌షీన్ అమెరికాలో, నినెట్ ద వాల్వా బ్రిటన్‌లో, సెర్జ్ లిఫార్ పారిస్‌లో బ్యాలే సంస్థలను నిలబెట్టారు. తొలి ఏడాది ఆ బృందంలో నర్తించిన అన్నా పావ్లోవా తరువాత సొంత బృందంతో లోకమంతా తిరిగి, 1923లో ఉదయశంకర్‌ను తోడు తీసుకొని రాధాకృష్ణుల నృత్యాన్ని ప్రదర్శించింది. చిత్రకళ చదవడానికి లండన్ వెళ్లిన ఆ యువకుడు నర్తకుడిగా మారి 1938లో హిమాలయ సానువుల్లోని ఆల్మోడాలో భారతీయ సంస్కృతీ కేంద్రాన్ని స్థాపించాడు. ఉత్సవఫలం ఉత్సవకర్త ఖాతాలోకి రాదు. అతడు ఊహించని దేశాల్లో, అతడి పేరు తలవని మనుషుల్లో పండుతుంది. ఫలం మీద అధికారం లేదన్న గీతావాక్యానికి దీన్నొక చారిత్రక వ్యాఖ్యానంగా చదవవచ్చు.

ఇక వర్తమానానికి వస్తే, గీత పదిహేడవ అధ్యాయంలోని యజ్ఞభేదాలు నేటి సాహిత్యోత్సవాలకు ఆశ్చర్యకరంగా సరిపోతాయి. చేయవలసినది కాబట్టి ఫలాపేక్ష లేకుండా చేసే యజ్ఞం సాత్త్వికమని, ఫలం కోసమో ఆడంబరం కోసమో చేసేది రాజసమని, విధి లేక, అన్నదానం లేక, మంత్రం లేక, దక్షిణ లేక, శ్రద్ధ లేక చేసేది తామసమని అక్కడ చెప్పారు. ఇందులో దక్షిణ లేని యజ్ఞాన్ని తామసమనడం గమనించదగినది. 2016లో ఇంగ్లండ్ రచయిత ఫిలిప్ పుల్‌మన్, వక్తలైన రచయితలకు పారితోషికం ఇవ్వని కారణంగా ఆక్స్‌ఫర్డ్ సాహిత్యోత్సవ పోషకపదవిని వదులుకున్నాడు. పందిరి వేసినవాడికీ వంట చేసినవాడికీ కూలి ఇచ్చి, ఎవరి మాట కోసం జనం వచ్చారో ఆ రచయితకు శాలువాతో సరిపెట్టే ఆచారం తెలుగు సభలకూ కొత్త కాదు. ఆ ఆచారాన్ని నిస్వార్థ సాహిత్యసేవగా వర్ణించడం తగదు. త్యాగం ఎవరికి వారు చేయవలసినదే తప్ప ఒకరి చేత మరొకరు చేయించగలిగినది కాదు.

దక్షిణ ఇవ్వాలంటే ద్రవ్యం కావాలి, ద్రవ్యం అనగానే ద్రవ్యశుద్ధి ప్రశ్న వస్తుంది. ధర్మశాస్త్రాలు న్యాయార్జితమైన ధనంతో చేసిన దానానికే పూర్ణఫలం చెప్పాయి. వేల్స్ సరిహద్దులోని పాతపుస్తకాల ఊరు హే-ఆన్-వైలో 1988లో పీటర్ ఫ్లోరెన్స్ అనే యువకుడు, దియాగిలెవ్ ఆ లేఖ రాసిన ఇరవై మూడేళ్ల వయసులోనే, తల్లిదండ్రులతో కలిసి ఆరంభించిన సాహిత్యోత్సవం తరువాతి కాలంలో స్పెయిన్‌లోని సెగోవియాకూ కొలంబియాలోని కార్తహేనాకూ కేరళలోని తిరువనంతపురానికీ విస్తరించింది. 2024లో ఆ ఉత్సవానికి ఈ ప్రశ్న గట్టిగా ఎదురైంది. ప్రాయోజక సంస్థ బెయిలీ గిఫర్డ్ పెట్టుబడుల్లో బొగ్గు, చమురు వంటి శిలాజ ఇంధన కంపెనీలు ఉన్నాయన్నది మొదలైన అభ్యంతరాలతో కొందరు వక్తలు తప్పుకోవడంతో ఉత్సవ నిర్వాహకులు ఆ ప్రాయోజకత్వాన్ని నిలిపివేశారు. తన నిర్వహణలోని ఖాతాదారుల సొమ్ములో అలాంటి కంపెనీల వాటా 2 శాతమేనని ఆ సంస్థ చెప్పుకుంది. పూర్తిగా నిర్మలమైన ధనం దొరికేదాకా ఆగితే ఏ ఉత్సవమూ జరగదన్నది ఒక వాదం. ధనం ఎక్కడిదని అడగని ఉత్సవం దాతకు కీర్తిని అమ్మే అంగడిగా మారుతుందన్నది మరొక వాదం. ఈ రెంటి నడుమ ధర్మసమ్మతమైన మార్గం ఒకటుంది: ధనం ఇచ్చినవాడికి వేదిక మీద ఏ వక్తను పిలవాలో, ఏ మాట ఆపాలో నిర్ణయించే అధికారం ఇవ్వకుండా ఉండడం, ఎవరి ధనం ఎంత వచ్చిందో శ్రోతలకు దాచకుండా చెప్పడం. దాతకు యజమానుడి స్థానం ఇవ్వవచ్చు గాని, బ్రహ్మస్థానం ఇవ్వకూడదు.

విఘ్నం ప్రశ్న మరింత కఠినమైనది. 2012 జనవరిలో జైపూర్ సాహిత్యోత్సవానికి రావలసిన సల్మాన్ రష్దీ ప్రాణభయం ఉందన్న హెచ్చరికలతో రాలేదు. నిరసనగా నలుగురు రచయితలు భారతదేశంలో దిగుమతి నిషేధానికి గురైన ఆయన నవల నుంచి కొన్ని భాగాలు చదివారు. చివరిరోజు ఆయన వీడియో ద్వారా మాట్లాడవలసిన కార్యక్రమం కూడా హింస చెలరేగుతుందన్న భయంతో రద్దయింది. అదే రచయిత 2007లో అదే ఉత్సవంలో ప్రశాంతంగా పాల్గొన్నాడు. వాక్కు స్తంభించిన నటుల కథను చదివినవారికి ఈ ఘటన అర్థం వేరే చెప్పనక్కరలేదు. వేలాది శ్రోతల ప్రాణరక్షణ ఉత్సవకర్త బాధ్యతే కాబట్టి ఆ రద్దును పిరికితనమని కొట్టివేయడం అన్యాయం. అయినా నాట్యశాస్త్ర కథలో బ్రహ్మ దైత్యుల మాట విన్నాడు గాని, వారి కోసం నాట్యాన్ని రద్దు చేయలేదన్నది మరవరానిది. విఘ్నం వచ్చిన రోజున చేయగలిగింది కొద్దే. కోపించగలవారితో ఏడాది పొడుగునా సంభాషణ సాగించడం, వారి గాథలకూ వేదిక మీద చోటు ఇవ్వడం, ప్రభుత్వం నుంచి రక్షణను దయగా కాక హక్కుగా అడగడం ముందునుంచీ జరిగినప్పుడే ఆ రోజున కొంతైనా నిలబడే వీలుంటుంది.

సభకు ఎవరు రావాలన్నది చివరి ప్రశ్న, అన్నింటికీ మూలమైన ప్రశ్న. దీనికి తెలుగు సాహిత్యసంగీతాలతో నేరుగా ముడిపడిన సమాధానం కావేరీతీరంలో ఉంది. త్యాగరాజు సమాధి తిరువయ్యారులో శిథిలమవుతున్నదని తెలిసి, దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) 1920లలో తన సంపాదనతో అక్కడ మందిరం కట్టించింది. ఆ మందిరం కట్టించిన ఆమెకే, స్త్రీ అయినందువల్ల, ఆరాధనోత్సవంలో పాడే అవకాశం లేకపోయింది. ఆమె ఉత్సవాన్ని విడిచిపోలేదు. స్త్రీల కోసం వేరుగా ఆరాధన నడిపి, 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఏకమై స్త్రీపురుషులందరూ పాడే స్థితి వచ్చేదాకా పట్టు వదలలేదు. కవయిత్రి ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి అచ్చువేయించి నిషేధాన్ని ఎదుర్కొన్నదీ నాగరత్నమ్మే. దియాగిలెవ్ జీవితంలో కనిపించని ఒక గుణం ఇక్కడ కనిపిస్తుంది: తాను నిర్మించిన చోటు మీద తన అధికారాన్ని చాటుకోవడానికి కాక, తనలా బయట నిలిచినవారికి తలుపు తెరవడానికి ఆమె పోరాడింది. లోకాన్ని ఒకటిగా నిలిపి నడిపించడాన్ని గీత లోకసంగ్రహమంది. ఉత్సవకర్త పనికి ఇంతకన్నా సరైన పేరు లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉంది. టికెట్లు అమ్మి, ప్రకటనలు వేసి, పుస్తకాల అంగళ్లు పెట్టి నడిపే నేటి ఉత్సవాన్ని యజ్ఞంతో పోల్చడం దానికి లేని పవిత్రతను ఆపాదించడమని కొందరనవచ్చు. విధివిహితమైన శ్రౌతయజ్ఞం వేరు, మానవసంకల్పమైన ఉత్సవం వేరు అన్నది నిజమే. కాని గీత నాలుగవ అధ్యాయమే ద్రవ్యయజ్ఞం, తపోయజ్ఞం, స్వాధ్యాయజ్ఞానయజ్ఞం అంటూ ఆ భావనను అగ్నిగుండం దాటించింది. పోలిక వల్ల ఉత్సవానికి పవిత్రత రాదు. నిర్వాహకుడికి బాధ్యత వస్తుంది. వ్యాపారంగా మాత్రమే చూస్తే అతడు లెక్క చెప్పవలసింది లాభనష్టాలకే; ధర్మంగా చూస్తే పిలవని రచయితకూ, దక్షిణ అందని గాయకుడికీ, మాట వినిపించని చివరి వరుస శ్రోతకూ లెక్క చెప్పవలసి వస్తుంది.

కాబట్టి తేలే నిర్ణయం ఇది. ఉత్సవకర్త కృతికి కర్త కాడు, ఫలానికి భోక్త కాడు. కృతికీ సహృదయుడికీ నడుమ ఉన్న అవకాశానికి రక్షకుడు. కళాకారుడికి న్యాయమైన దక్షిణ, దాత అధికారానికి హద్దు, విఘ్నకారుడితోనైనా సంభాషణ, శ్రోత చెవికి అందే ప్రమాణం, బయట నిలిచినవారికి ఆహ్వానం అన్న అయిదూ ఉన్నప్పుడు ఆ రక్షణ ధర్మమవుతుంది. వీటిలో ఏది లోపించినా, ఎంత జనం వచ్చినా, ఎన్ని దేశాల జెండాలు ఎగిరినా, అది ఆడంబరంగానే మిగులుతుంది. ఈ బాధ్యతను చేపట్టే యువతీయువకులు మొదటి సంవత్సరం నుంచే వక్తల జాబితాతో పాటు ఈ అయిదు ప్రశ్నల జాబితానూ ముందు పెట్టుకొని, ఉత్సవం ముగిసిన మరునాడు వాటికి రాతపూర్వకంగా సమాధానం చెప్పుకొనే అలవాటు చేసుకోవాలి.